దూలం మీది రెండక్షరాలు: ఐరోపాలో నిర్మాణ కలపకు సీఈ ముద్ర

ఆస్ట్రియాలోనో స్వీడన్‌లోనో కోసిన స్ప్రూస్ దూలం జర్మనీలోని ఒక టింబర్ డిపోకు చేరాక దాన్ని తిప్పి చూస్తే, పక్క ముఖం మీద సిరాతో వేసిన చిన్న పెట్టె లాంటి ముద్ర కనిపిస్తుంది. అందులో సీఈ అనే రెండక్షరాలు, ఒక నాలుగంకెల సంఖ్య, తయారీదారు పేరు, సంవత్సరాన్ని సూచించే రెండంకెలు, ఈఎన్ 14081-1 అనే ఐరోపా ప్రమాణం సంఖ్య, సీ24 అనే బలం తరగతి, పీసీఏబీ అనే సంకేతం, ఆరిన స్థితిలో వర్గీకరించినట్టు తెలిపే మాట ఉంటాయి. పీసీఏబీ అన్నది నార్వే స్ప్రూస్ చెట్టు శాస్త్రీయ నామమైన పిసియా అబీస్‌కు కుదింపు. నాలుగంకెల సంఖ్య ఆ మిల్లును తనిఖీ చేసే సంస్థది. రెండంకెల సంవత్సరాన్ని చూసి దూలం కోసిన సంవత్సరం అనుకోవడం సహజమే కానీ, ఆ రకం సరుకు మీద మొట్టమొదట ముద్ర వేసిన సంవత్సరం అది. కాబట్టి నిన్న కోసిన దూలం మీద ఎన్నో ఏళ్ళ కిందటి అంకెలు ఉన్నా తప్పేమీ లేదు.

ఇంత వివరం ఉన్న ముద్రలో ఎక్కువగా అపార్థానికి గురయ్యేవి, అందరికీ తెలుసనుకునే ఆ మొదటి రెండక్షరాలే. సీఈ ఉంటే సరుకు మంచిదనీ, ఎవరో అధికారులు పరీక్షించి ఆమోదించారనీ, ఏ కట్టడంలోనైనా నిశ్చింతగా వాడుకోవచ్చనీ ఒక నమ్మకం ఐరోపా కొనుగోలుదారుల్లోనే కాదు, కొందరు బిల్డర్లలో కూడా ఉంది. ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. మన దగ్గరి ఐఎస్ఐ ముద్రతో పోల్చి చూస్తే తేడా తేటపడుతుంది. మామూలు ప్లైవుడ్ మీద ఐఎస్ 303 అనో, మెరైన్ ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అనో ఐఎస్ఐ గుర్తు ఉందంటే, భారతీయ ప్రమాణాల సంస్థ ఆ తయారీదారుకు లైసెన్సు ఇచ్చిందనీ, ఆ ప్రమాణం కోరే కనీస స్థాయిని సరుకు అందుకుందనీ అర్థం. అందుకే గుర్తుతో పాటు లైసెన్సు సంఖ్య కూడా ముద్రిస్తారు. సీఈ ముద్రను ఇచ్చే కార్యాలయం ఐరోపాలో ఎక్కడా లేదు. తయారీదారే, తన బాధ్యత మీద, తన చేత్తో వేసుకునే ముద్ర అది. అక్షరాల మధ్య దూరం తేడాగా ఉంటే అది ‘చైనా ఎక్స్‌పోర్ట్’ అనే వేరే ముద్ర అని ఇంటర్నెట్‌లో తిరిగే కథకు కూడా ఆధారం లేదు: అలాంటి పేరుతో అధికారికమైన ముద్ర ఏదీ లేదు, అక్షరాల మధ్య దూరం తేడాగా ఉన్నవి తప్పుగా వేసినవో దొంగగా వేసినవో అయి ఉంటాయి.

పైగా, నిర్మాణ సామగ్రి మీది సీఈ, పిల్లల బొమ్మల మీది సీఈ చెప్పేవి ఒకటి కావు. బొమ్మల చట్టంలో బొమ్మ ఎంత భద్రంగా ఉండాలో ఐరోపా చట్టమే నిర్దేశిస్తుంది. ముద్ర ఉందంటే ఆ షరతులు నెరవేరాయని తయారీదారు చెబుతున్నట్టు. 2011లో వచ్చిన నిర్మాణ ఉత్పత్తుల రెగ్యులేషన్ 305/2011 మాత్రం దూలం ఎంత బలంగా ఉండాలో ఎక్కడా చెప్పలేదు. బలం ఎంతో చెప్పదలిస్తే దాన్ని ఐరోపా అంతటికీ ఉమ్మడిగా ఉన్న పద్ధతిలో కొలిచి, ‘పనితీరు ప్రకటన’ అనే పత్రంలో రాసి, ఆ అంకెలకు బాధ్యత వహించాలని మాత్రమే అది కోరింది. ఆ పత్రం లేకుండా ముద్ర వెయ్యకూడదు. బలహీనమైన కలపకు కూడా, దాని బలహీనతను నిజాయితీగా ప్రకటిస్తే, సీఈ ముద్ర నిక్షేపంగా వెయ్యవచ్చు.

ఈ విడ్డూరానికి కారణం ఇళ్ళ స్వభావంలోనే ఉంది. బొమ్మ ఎక్కడైనా బొమ్మే. ఇల్లు మాత్రం నేలను బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. నార్వే కప్పు మంచు బరువును మోయాలి, ఇటలీ గోడ భూకంపాన్ని తట్టుకోవాలి, అగ్నిప్రమాద నియమాలు ఒక్కో దేశానికి ఒక్కో చరిత్రలోంచి పుట్టాయి. కట్టడాలు ఎలా ఉండాలో నిర్ణయించే అధికారాన్ని సభ్య దేశాలు ఏనాడూ వదులుకోలేదు. మరోవైపు, ఒక దేశంలో చట్టబద్ధంగా అమ్మే సరుకును ఇంకో దేశం ఊరికే అడ్డుకోకూడదన్న సూత్రాన్ని ఐరోపా న్యాయస్థానం 1979లో ‘కాసీ ద దిజాఁ’ అనే ఫ్రెంచి మద్యం కేసులో స్థిరపరిచింది. కట్టడం మీద అధికారం దేశానిది, సరుకు మీద అధికారం ఉమ్మడి మార్కెట్‌ది. ఈ రెండింటికీ మధ్య కుదిరిన రాజీయే ఉమ్మడి సాంకేతిక భాష. కొలిచే పద్ధతీ, చెప్పే పద్ధతీ ఐరోపా అంతటా ఒకటే; ఎంత ఉంటే చాలో చెప్పేది మాత్రం ఆయా దేశం.

ఆ రాజీ 1988 డిసెంబరులో నిర్మాణ ఉత్పత్తుల డైరెక్టివ్‌గా రూపం దాల్చింది. డైరెక్టివ్ అంటే ప్రతి దేశమూ తన చట్టంలోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం కాబట్టి, బ్రిటన్, స్వీడన్ వంటి దేశాలు ముద్రను ఐచ్ఛికంగానే ఉంచాయి, జర్మనీ వంటివి తప్పనిసరి చేశాయి. దాని స్థానంలో వచ్చిన 305/2011 నేరుగా వర్తించే చట్టం. 2013 జులై 1 నుంచి, ఉమ్మడి ప్రమాణం ఉన్న ప్రతి నిర్మాణ ఉత్పత్తికీ ప్రకటన, ముద్ర తప్పనిసరి అయ్యాయి. కలప రంగంలో ఈ ప్రమాణాల జాబితా పెద్దదే. కోసిన దూలాలకు ఈఎన్ 14081, జిగురుతో అతికించిన గ్లూలామ్ దూలాలకు ఈఎన్ 14080, పల్చటి పొరల ఎల్‌వీఎల్‌కు ఈఎన్ 14374, ప్లైవుడ్, చెక్క పేళ్ళతో చేసే ఓఎస్‌బీ, పార్టికల్ బోర్డు వంటి పలకలన్నిటికీ కలిపి ఈఎన్ 13986, చెక్క నేలలకు ఈఎన్ 14342, గోడ తొడుగు పలకలకు ఈఎన్ 14915. పలకలకు 2004లోనే ముద్ర మొదలైతే, మామూలు దూలాల వంతు మాత్రం గడువు పలుమార్లు వాయిదా పడి చివరికి 2012 జనవరి 1న వచ్చింది. చూడటానికి అన్నిటికన్నా సాదా సరుకైన కోసిన దూలమే ప్రమాణాలకు లొంగడానికి అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకుంది.

ఎందుకంటే ఉక్కు కడ్డీని కొలిమిలో కావలసినట్టు తయారు చేసుకోవచ్చు, చెట్టును అలా చెయ్యలేము. ఒకే అడవిలో పక్కపక్కన పెరిగిన రెండు చెట్ల నుంచి, కాదు ఒకే చెట్టు మొదలు నుంచీ చివర నుంచీ కోసిన రెండు దూలాల బలం కూడా ఒకటిగా ఉండదు. మన వడ్రంగులు చేవ చూసి, బరువు చూసి, తట్టి విని కర్రను ఎంచినట్టే, ఐరోపా మిల్లుల్లోనూ ఎంచడం అనే పని ఎప్పటినుంచో ఉంది. ఆ నేర్పును నియమాలుగా రాసుకున్నదే దృశ్య వర్గీకరణ. కొమ్మ మొలిచిన చోట మిగిలిన ముడి దూలం వెడల్పులో ఎంత భాగం ఆక్రమించింది, నార దూలం పొడవుకు ఎంత ఏటవాలుగా పోతోంది, వలయాల మధ్య ఎడం ఎంత, పగుళ్ళు ఎంత లోతు, బెరడు అంచు ఎంత మిగిలింది, మెలిక ఎంత అన్నవి చూసి, శిక్షణ పొందిన మనిషి నిర్ణయిస్తాడు. దీనికి ఒక్కో దేశానికి ఒక్కో నియమావళి ఉంది. జర్మనీ దూలాలను ఎస్7, ఎస్10, ఎస్13 అంటుంది. నార్డిక్ దేశాలు టీ0 నుంచి టీ3 వరకు లెక్కిస్తాయి. బ్రిటన్ జీఎస్, ఎస్ఎస్ అంటుంది. ఈఎన్ 14081 ఈ నియమావళులను రద్దు చెయ్యలేదు. వాటికి కనీస షరతులు పెట్టి, ఈఎన్ 1912 అనే పట్టిక ద్వారా వాటన్నిటినీ సీ14, సీ16, సీ24, సీ30 వంటి ఉమ్మడి బలం తరగతుల్లోకి మార్చింది.

ఆ పట్టికలో ఒక గమ్మత్తు ఉంది. మధ్య, ఉత్తర ఐరోపాలో పెరిగిన స్ప్రూస్‌కు బ్రిటిష్ నియమాల ప్రకారం ఎస్ఎస్ శ్రేణి వస్తే అది సీ24 అవుతుంది. బ్రిటన్‌లోనే పెరిగిన సిట్కా స్ప్రూస్‌కు, అదే కంటితో, అవే నియమాలతో, అదే ఎస్ఎస్ శ్రేణి వచ్చినా సీ18 దగ్గరే ఆగుతుంది. బ్రిటన్ తేమ వాతావరణంలో సిట్కా వేగంగా పెరుగుతుంది, వలయాలు వెడల్పుగా ఉంటాయి, సాంద్రత తగ్గుతుంది. ముడులు చూసే కన్ను ఆ తేడాను పూర్తిగా పట్టలేదు. అందుకే పెద్ద మిల్లులు యంత్రాల వైపు మళ్ళాయి. కొన్ని యంత్రాలు దూలాన్ని కొద్దిగా వంచి బిగువు కొలుస్తాయి, కొన్ని చివర కొట్టి ప్రకంపన దూలంలో సాగే వేగాన్ని బట్టి లెక్కిస్తాయి, కొన్ని ఎక్స్‌రేతో ముడులనూ సాంద్రతనూ చూస్తాయి. వడ్రంగి తట్టి వినడానికీ యంత్రం తట్టి వినడానికీ సూత్రంలో తేడా లేదు. యంత్రానిది అంకె, వడ్రంగిది అనుభవం.

సీ24లోని 24 అంటే ఏమిటో కూడా జాగ్రత్తగా చూడాలి. అది ఆ దూలం బలం కాదు. ఆ తరగతికి చెందిన దూలాల గుంపును వంచి విరిచి చూస్తే, నూటికి 95 దూలాలు చదరపు మిల్లీమీటరుకు 24 న్యూటన్ల ఒత్తిడిని దాటి నిలుస్తాయనీ, 5 మాత్రం అంతకు ముందే విరగవచ్చనీ దాని భావం. చేతిలో ఉన్న దూలం ఆ ఐదింటిలో ఒకటో కాదో విరిచి చూస్తే తప్ప తెలియదు, విరిచాక తెలిసి ప్రయోజనం లేదు. అందుకే ఇంజనీరు ఆ అంకెను నేరుగా వాడడు. కలప కట్టడాల ఐరోపా డిజైన్ నియమావళి అయిన యూరోకోడ్ 5 ప్రకారం మామూలు కోసిన కలపకు భద్రతా భాజకం 1.3. లోపలి పొడి వాతావరణంలో, నివాస గృహాల్లో మనుషులూ సామానూ వేసే మధ్యకాలపు భారానికి 0.8తో గుణిస్తే, 24 కాస్తా సుమారు 14.8కి దిగుతుంది. అదే దూలాన్ని వానకు తడిసే చోట పెడితే గుణకం 0.65 అవుతుంది, ఫలితం 12. ముద్ర మారలేదు, దూలం మారలేదు. పెట్టిన చోటు మారితే లెక్కకు వచ్చే బలం ఐదో వంతు దాకా తగ్గింది. ఇల్లు కట్టేవారు బలం కన్నా ఎక్కువగా ఎదుర్కొనేది నేల ఊగడం, కుంగడం. అక్కడ పనికొచ్చేది 24 కాదు, దాని వెనక ఉన్న, వంగకుండా నిలిచే బిగువును చెప్పే స్థితిస్థాపక గుణకం: సీ24కు సగటున చదరపు మిల్లీమీటరుకు 11,000 న్యూటన్లు, సీ16కు 8,000. ఈ అంకెలు దూలం మీద అచ్చు వెయ్యరు. సీ24 అన్న మాటలోనే, ఈఎన్ 338 అనే ప్రమాణం ద్వారా, అవన్నీ ఇమిడి ఉంటాయి.

ఇక ఈ అంకెలను ఎవరు నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్నకు చట్టం ఐదు అంచెల జవాబు ఇచ్చింది. ప్రమాదం ఎంత పెద్దదైతే బయటివారి పాత్ర అంత పెరుగుతుంది. నాలుగో పద్ధతిలో అంతా తయారీదారే చేసుకుంటాడు. మూడో పద్ధతిలో నమూనాను గుర్తింపు పొందిన ప్రయోగశాల పరీక్షిస్తుంది. ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే చెక్క నేలల వంటివి ఇక్కడికి వస్తాయి. కోసిన దూలాలకు వర్తించే ‘2 ప్లస్’ పద్ధతిలో తొలి పరీక్షలు తయారీదారువే అయినా, మిల్లులో రోజువారీ ఉత్పత్తి నియంత్రణ ఎలా సాగుతోందో గుర్తింపు పొందిన సంస్థ మొదట చూసి, ఆపైన క్రమం తప్పకుండా తనిఖీ చేస్తుంది. గ్లూలామ్, ఎల్‌వీఎల్ వంటి అతికింపు దూలాలు ఒకటో పద్ధతి కిందికి వస్తాయి. వాటికి తొలి పరీక్షల బాధ్యత కూడా బయటి సంస్థదే. ఒకటి ప్లస్ అనే అన్నిటికన్నా కఠినమైన పద్ధతి సిమెంటు వంటి వాటికి వాడతారు, కలపకు దాని అవసరం రాలేదు.

కోసిన దూలం కన్నా అతికించిన దూలానికి కఠినమైన పద్ధతి పెట్టడం సమంజసమే. ముడి కంటికి కనిపిస్తుంది, జిగురు కనిపించదు. బవేరియాలోని బాట్ రైఖెన్‌హాల్ పట్టణంలో 2006 జనవరి 2న మంచు బరువుకు ఐస్ రింక్ కప్పు కూలి 15 మంది చనిపోయారు, వారిలో 12 మంది పిల్లలు, కౌమారంలో ఉన్నవారు. 1970ల ఆరంభంలో కట్టిన ఆ కప్పును మోసినవి పెట్టె ఆకారంలో అతికించిన చెక్క దూలాలు. వాటికి వాడిన యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు తేమకు తట్టుకోలేనిది, ఐస్ రింక్‌లో తేమ ఎప్పుడూ ఉండేదే. డిజైన్ లోపాలూ, సంరక్షణ లోపాలూ తోడయ్యాయి కానీ, ముప్పై ఏళ్ళుగా లోలోపల వదులవుతున్న జిగురును పైనుంచి చూసినవారెవరూ పట్టలేకపోయారు. ఈఎన్ 14080 ఏ జిగురు ఏ తేమ స్థితికి పనికొస్తుందో విడదీసి చెప్పమనడమూ, అతుకు బలాన్ని ఉత్పత్తి సాగుతుండగానే పరీక్షించమనడమూ ఇలాంటి ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుంటేనే పూర్తిగా అర్థమవుతాయి.

అయితే సరుకు లక్షణాలను నమ్మదగినవిగా చెయ్యడం వేరు, కట్టడాన్ని నిలబెట్టడం వేరు. నార్వేలోని ట్రెటెన్ వంతెన 2012లో ప్రారంభమైంది, 2022 ఆగస్టు 15న కూలింది. వంతెన మీద ఉన్న లారీ, కారు డ్రైవర్లిద్దరూ బతికి బయటపడ్డారు. గ్లూలామ్ దూలాలతో కట్టిన ఆ వంతెనలో, దర్యాప్తు సంస్థ తేల్చినదాని ప్రకారం, వైఫల్యం మొదలైనది ఒక ఏటవాలు దూలం ఉక్కుతో కలిసే జాయింటు దగ్గర, చెక్క ముద్దగా తెగిపోవడంతో. దూలం తరగతి ఎంత అన్నది ముద్ర చెబుతుంది. ఆ దూలంలో ఎన్ని రంధ్రాలు వేసి, ఎన్ని పిన్నులు కొట్టి, ఎలా కలిపారన్నది ముద్ర పరిధిలోకి రాదు.

నిప్పు విషయంలో కలప ప్రకటనలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. సగటు సాంద్రత ఘనపు మీటరుకు 350 కిలోలు, మందం 22 మిల్లీమీటర్లకు తగ్గని నిర్మాణ కలపకు విడిగా పరీక్ష లేకుండానే డీ-ఎస్2,డీ0 అనే తరగతి రాసుకునే వీలు ఐరోపా కమిషన్ 2003లో కల్పించింది. మండుతుంది, పొగ ఓ మాదిరిగా వస్తుంది, మండే బొట్లు రాలవు అని దాని సారాంశం. అంతకన్నా మెరుగైన తరగతి కావాలంటే నిప్పును అడ్డుకునే రసాయనం పట్టించాలి, అప్పుడు పరీక్ష తప్పదు, తనిఖీ ఒకటో పద్ధతికి మారుతుంది.

గాలిలోకి వచ్చే రసాయనాల కథ మాత్రం అంత తేలికగా తెగలేదు. పలకలకు వాడే జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు ఈ1 అనే తరగతి ఉంది: పరీక్ష గదిలో ఘనపు మీటరు గాలికి 0.124 మిల్లీగ్రాములు మించకూడదు. ఇది చాలదని భావించిన జర్మనీ, పరీక్షా పద్ధతిని మార్చి 2020 నుంచి తన దేశంలో ఆ పరిమితిని దాదాపు సగానికి తెచ్చింది. ఐరోపా రసాయనాల చట్టం కూడా 2023లో సవరణ పొంది, చెక్క వస్తువులకు 0.062 మిల్లీగ్రాముల పరిమితిని 2026 ఆగస్టు 6 నుంచి వర్తించేలా నిర్ణయించింది. ఇక్కడ గమనించాల్సింది, ఈ కొత్త పరిమితి సీఈ ముద్ర చట్టం ద్వారా కాక వేరే దారిలో వచ్చిందన్నది.

జర్మనీ ఇతర పద్ధతులనూ ప్రయత్నించింది. సీఈ ముద్ర ఉన్న సరుకుకు కూడా ‘యూ’ అక్షరం ఉన్న జాతీయ ముద్ర కావాలని ఆ దేశం ఏళ్ళ తరబడి పట్టుబట్టింది. ఇంకో దేశపు సరుకును దొడ్డిదారిన ఆపడమే ఇదని ఐరోపా న్యాయస్థానం 2014 అక్టోబరు 16న తీర్పు చెప్పింది. ఆ కేసు పైపుల రబ్బరు రింగులు, ఖనిజ ఉన్ని, గేట్ల మీద నడిచినా, ఫలితం చెక్క నేలల దాకా వచ్చింది. చెక్క నేలల ప్రమాణం ఈఎన్ 14342 ఇంటి గాలిలోకి వెలువడే ఇతర ఆవిరులను కొలిచే పద్ధతి చెప్పడం లేదనీ, కాబట్టి ఆ లోటును జాతీయ నియమాలతో పూడ్చుకోనివ్వాలనీ జర్మనీ కోరింది. కమిషన్ ఒప్పుకోలేదు. 2019 ఏప్రిల్‌లో ఐరోపా సమాఖ్య సాధారణ న్యాయస్థానం, 2020 డిసెంబరులో అత్యున్నత న్యాయస్థానం జర్మనీ వాదనను తోసిపుచ్చాయి. న్యాయం జర్మనీకి వ్యతిరేకంగా వచ్చినా, ప్రశ్న మాత్రం సరైనదే. ఉమ్మడి భాషలో ఒక విషయానికి మాటే లేకపోతే, దాని గురించి మాట్లాడే హక్కు ఆ భాష వాడేవారికి ఉండదా?

మాటలు లేని ఇబ్బంది అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది సీఎల్‌టీ విషయంలో. పలకలను ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా అతికించి గోడలంత వెడల్పుగా చేసే ఈ సరుకు 1990లలో ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్ ప్రాంతంలో రూపుదిద్దుకుంది. ఈనాడు నార్వేలోని 85 మీటర్ల మ్యోస్‌టోర్నె వంటి ఎత్తయిన చెక్క కట్టడాల్లో గ్లూలామ్‌తో కలిపి దీన్ని వాడుతున్నారు. దీనికి ఈఎన్ 16351 అనే ప్రమాణం 2015లోనే అచ్చయింది. కానీ ప్రమాణం అచ్చవడం ఒక మెట్టు, ఐరోపా సమాఖ్య అధికారిక గెజిట్‌లో దాని పేరు రావడం ఇంకో మెట్టు; ఆ రెండో మెట్టు ఎక్కితేనే దాని మీద సీఈ ముద్ర ఆధారపడగలదు. ఈఎన్ 16351 ఆ మెట్టు ఎక్కలేదు. అందువల్ల సీఎల్‌టీ తయారీదారులు ఒక్కొక్కరూ వియన్నాలోని ఓఐబీ, బెర్లిన్‌లోని డీఐబీటీ వంటి మదింపు సంస్థల దగ్గరికి వెళ్ళి, తమ సరుకుకు ప్రత్యేకంగా ఐరోపా సాంకేతిక మదింపు పత్రం తెచ్చుకుని, దాని మీద సీఈ ముద్ర వేసుకుంటున్నారు. ఇది ఐచ్ఛికమైన దారి. రెండు కంపెనీల సీఎల్‌టీని పక్కపక్కన పెట్టి పోల్చడం దీనివల్ల కష్టమవుతుంది. ఉమ్మడి భాష లక్ష్యమేమో అలా పోల్చగలగడమే.

ఈ ప్రతిష్టంభన వెనక ఒక ఐరిష్ కేసు ఉంది. డబ్లిన్‌లోని బాలీమన్‌లో యువజన కేంద్రం పునాది కింద వేసిన రాతి పొడిలో పైరైట్ అనే ఖనిజం ఉండి, అది ఉబ్బి, కట్టడం పగిలింది. సరుకు ప్రమాణానికి తగ్గట్టు ఉందా లేదా అన్న వివాదం ఐరోపా న్యాయస్థానానికి చేరినప్పుడు, గెజిట్‌లో పేర్కొన్న ప్రమాణం ఐరోపా చట్టంలో భాగమేనని 2016 అక్టోబరు 27న తీర్పు వచ్చింది. అప్పటిదాకా ఇంజనీర్లు రాసుకున్న పత్రాలు అప్పటినుంచి న్యాయవాదులు చదివే పత్రాలయ్యాయి. ప్రతి ముసాయిదాలోనూ చట్టానికి మించిన షరతు ఏదైనా దూరిందేమోనని కమిషన్ నిశితంగా చూడటం మొదలుపెట్టింది. దాంతో నిర్మాణ రంగంలో కొత్త ప్రమాణాలు గెజిట్‌కు చేరడం దాదాపు ఆగిపోయింది. కట్టడాన్ని పగలగొట్టిన రాతి పొడి, అలా చూస్తే, సీఎల్‌టీ ప్రమాణాన్ని కూడా ఆపింది.

ముద్ర ఉన్న సరుకు ప్రకటన చదివేవారికి తరచుగా ఎదురయ్యే మూడక్షరాలు ఎన్‌పీడీ. పనితీరు నిర్ణయించలేదు అని దానర్థం. ప్రమాణంలో పది లక్షణాలున్నా తయారీదారు కనీసం ఒకటి ప్రకటిస్తే చాలు. అమ్మదలచిన దేశం కోరే లక్షణాలు తప్పనిసరి, మిగతా చోట్ల ఎన్‌పీడీ అని రాసుకోవచ్చు. చట్టం దృష్టిలో ఇది దోషం కాదు. కానీ చెదపురుగులను, శిలీంద్రాన్ని తట్టుకునే గుణం దగ్గర ఎన్‌పీడీ అని ఉన్న పలకను ముద్ర చూసి ఆరుబయట గోడకు బిగిస్తే ఆ తప్పు కొన్నవారిదే అవుతుంది. అలాగే, ఒకే ఒక కట్టడం కోసం వరుస ఉత్పత్తి కాకుండా చేయించిన తలుపు, నిర్మాణ స్థలంలోనే తయారు చేసిన భాగం, వారసత్వ కట్టడాల మరమ్మతుకు పాత పద్ధతిలో చేసిన పని వంటి వాటికి ప్రకటన రాయకుండా ఉండే వెసులుబాటు ఉంది. కలప ఏ అడవి నుంచి వచ్చింది, చట్టబద్ధంగా నరికారా లేదా అన్నది సీఈ ముద్ర మాట్లాడే విషయమే కాదు. అది 2013 నుంచి కలప చట్టం, దాని స్థానంలోకి రావాల్సిన అడవుల నరికివేత నిరోధక చట్టం చూసుకునే పని.

బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికి వచ్చాక యూకేసీఏ అనే సొంత ముద్ర పెట్టుకుంది, సీఈకి గడువు పెట్టి పొడిగించి, చివరికి 2024 సెప్టెంబరులో నిర్మాణ ఉత్పత్తుల మీద సీఈ గుర్తింపును ముగింపు తేదీ లేకుండా కొనసాగిస్తామని ప్రకటించింది. తన అవసరానికి సరిపడా మెత్తటి కలప పండించుకోలేని దీవికి వేరే దారి ఉండటం కష్టం.

పదేళ్ళకు పైగా సాగిన సమీక్షల తరువాత 305/2011 స్థానంలో కొత్త రెగ్యులేషన్ 2024/3110 వచ్చింది. 2025 జనవరి 7న అమల్లోకి వచ్చి, ఎక్కువ భాగం 2026 జనవరి 8 నుంచి వర్తించేలా అది తయారైంది. ‘పనితీరు ప్రకటన’ ఇకపై ‘పనితీరు, అనుగుణ్యతల ప్రకటన’ అవుతుంది. కలిసిన ఆ ఒక్క మాటలో మార్పంతా ఉంది. సరుకు స్వయంగా ఎలా ఉండాలో, భద్రత, పర్యావరణం విషయంలో ఏ షరతులు పాటించాలో నిర్దేశించే అధికారం కమిషన్‌కు దక్కింది; అంటే నిర్మాణ సామగ్రి మీది సీఈ కొంత మేరకు బొమ్మల మీది సీఈ వైపు జరుగుతోంది. కూల్చిన ఇళ్ళ నుంచి తీసి మళ్ళీ అమ్మే పాత దూలాలు కూడా కొత్త చట్టం పరిధిలోకి వస్తాయి. సరుకు వివరాలుండే డిజిటల్ పాస్‌పోర్టు ద్వారా ఈ పత్రాలను అందుబాటులో ఉంచాలి.

కలపకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది కర్బన లెక్క. కొత్త ప్రమాణాలు వచ్చిన సరుకులకు భూతాపం మీద ప్రభావాన్ని మొదట, మిగిలిన ముఖ్య పర్యావరణ సూచికలను 2030 నుంచి, తక్కినవాటిని 2032 నుంచి ప్రకటించాలి, వాటిని సరిచూడటానికి ‘3 ప్లస్’ అనే కొత్త పద్ధతి పెట్టారు. చెట్టు గాలి నుంచి పీల్చిన కర్బనం ఎండు చెక్క బరువులో సుమారు సగం ఉంటుంది. ఒక ఘనపు మీటరు స్ప్రూస్‌లో దాదాపు 700 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కర్బనం దాగి ఉన్నట్టు లెక్క. వ్యాపార ప్రకటనల్లో ఈ 700 ఒక్కటే కనిపిస్తుంది. పర్యావరణ లెక్కల ప్రమాణమైన ఈఎన్ 15804 లెక్కలో మాత్రం చెట్టు దగ్గర రుణ సంఖ్యగా రాసిన ఆ మొత్తాన్ని, చెక్క జీవితం చివర కాల్చినా చివికినా మళ్ళీ ధన సంఖ్యగా రాయాలి. మొత్తం కూడితే సున్నా. మిగిలేది కోతకు, ఆరబెట్టడానికి, జిగురుకు, రవాణాకు ఖర్చయిన ఇంధనం లెక్క. చెక్క ఇంట్లో ఎన్నేళ్ళు నిలుస్తుందన్న ప్రశ్నకు ఈ లెక్కలో పెద్దగా చోటు లేదు. నూరేళ్ళు నిలిచే దూలాన్నీ పదేళ్ళకు తీసి పారేసే పలకనూ ఇలా ఒకే కూడికలో సున్నా చెయ్యడం సరైనదేనా అన్న వాదన కలప పరిశ్రమకూ పర్యావరణ లెక్కల నిపుణులకూ మధ్య నడుస్తూనే ఉంది.

పాత చట్టం ఒక్కసారిగా పోదు. ముద్రకూ ప్రకటనకూ సంబంధించిన దాని అధికరణాలు 2040 జనవరి 8 వరకు బతికే ఉంటాయి, కొత్త చట్టం కింద ఆయా సరుకుల ప్రమాణాలు ఒక్కొక్కటిగా వచ్చే కొద్దీ పాతవి తప్పుకుంటాయి. ఈ మధ్య కాలంలో ఒకే డిపోలో, ఒకే సీఈ అక్షరాల కింద, పాత ప్రకటనతో ఒక దూలం, కొత్త ప్రకటనతో ఇంకో దూలం పక్కపక్కన పేర్చి ఉంటాయి. ముద్ర రెండింటి మీదా ఐదు మిల్లీమీటర్లకు తగ్గని ఎత్తులో ఒకేలా కనిపిస్తుంది. ఏది ఏ చట్టం మాట్లాడుతోందో తెలియాలంటే దాని వెంట వచ్చిన పత్రం తెరవాలి.